ఆలివ్ నూనె రాసిన మూత

"కుడివైపే. నా రెండు కళ్ళతో చూశాను," అంది పెరీనా, మనవరాలిని భుజాన వేసుకుని వీపు మీద జోకొడుతూ. "నేనిక్కడే, ఈ కిటికీ దగ్గరే కూచుని ఆలివ్ కాయల్లో ఆకులు ఏరుతున్నాను. ఆ పిల్ల పడవ మీద కుడివైపున గొంతుక్కూచుంది. నీళ్ళ పైపు ఆ కన్నంలో పెట్టి పట్టుకుంది. పాట కూడా పాడుకుంటోంది."

"పాడుకుంటోంది," అన్నాడు గ్రుబెలిచ్, ఆ మాటని నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు.

షిబెనిక్ పట్నం నుంచి పొద్దున మళ్ళీ పడవలో దిగినప్పటి నుంచీ అతను ఆ వంటింట్లోని మంచి కుర్చీ దిగలేదు. ఈ దీవికి ఇన్‌స్పెక్టర్ నివెస్. కేసు మొదట ఆమెది. ఇప్పుడు ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడి, చల్లారిపోయిన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, తన ఊరి మనిషిని వేరే ఊరి అధికారి ప్రశ్నిస్తుంటే వింటోంది.

కథ ఊరందరికీ తెలిసిందే. పెరీనా కొడుకు తోమా, పక్క లంకలో ఉన్న తమ తోట నుంచి ఆలివ్ బస్తాలు తెద్దామని తెరచాప పడవ తీశాడు. ఉత్తరపు గాలి లేస్తుందని రేడియోలో చెప్పారు. అది ముదిరేలోగా వచ్చేస్తానన్నాడు. రెండు లంకల మధ్య ఇరుకులో ఇంజను ఆగిపోయింది. తెరచాప ఎత్తేలోగా గాలి పడవని రాళ్ళ మీదికి ఈడ్చుకుపోయింది. పడవ దొరికింది. తోమా మర్నాడు దొరికాడు. డీజిల్ ట్యాంకు విప్పితే అందులో సగం నీళ్ళే. పడవలో నీళ్ళు నింపింది అతని పెళ్ళాం మీర్నా.

"మొగుడూ పెళ్ళాలకి పడేది కాదటగా?" అడిగాడు గ్రుబెలిచ్.

"ఎందుకు పడుతుంది సార్? మొక్కజొన్న చేల మధ్య పెరిగిన పిల్ల. సముద్రం అంటే టీవీలో చూడ్డమే. నాతో వచ్చెయ్యి, మా ఊళ్ళో ట్రాక్టరు తోలుకుందువు గాని అని వాడి చెవిలో ఒకటే పోరు." పెరీనా పాపని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఇప్పుడు వెళ్ళమను. ఒక్కర్తీ వెళ్ళమను. నా మనవరాలిని మాత్రం ఇవ్వను."

"అది కోర్టు చూసుకుంటుంది లెండి. తల్లి జైల్లో ఉంటే బిడ్డ నాయనమ్మ దగ్గరే ఉంటుంది." గ్రుబెలిచ్ లేచి కోటు దులుపుకున్నాడు. "నివెస్ గారూ, మధ్యాహ్నం పడవకి ఆమెని తీసుకెళ్తున్నాను. మీకేమైనా అభ్యంతరమా?"

"ఒకసారి మాట్లాడి వస్తాను."

"మాట్లాడండి, మాట్లాడండి. మూడు రోజులుగా మీరు చేస్తున్నది అదేగా."

పాప ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు. పెరీనా చెంచాతో చక్కెర నీళ్ళు పట్టబోయింది. పాప మొహం తిప్పేసుకుంది.

* * *

మీర్నాని పోలీసు గదిలో కూచోబెట్టారు. అంటే, పోస్టాఫీసు వెనక ఉన్న కొట్టుగదిలో. నివెస్ లోపలికి రాగానే ఆమె శాలువా ముందుకి లాక్కుంది. అయినా రవిక ముందు భాగం తడిసిపోయి ఉండటం నివెస్ కంటపడనే పడింది.

"పాప పాలు తాగిందా అక్కా?"

నివెస్ తలుపు దగ్గరగా వేసింది. "తాగుతుంది. నేను తీసుకొస్తాను. ముందు నువ్వు నాకు సరిగ్గా చెప్పు. ఏ కన్నంలో పోశావు?"

"ఎన్నిసార్లు చెప్పను? నీళ్ళు అని రాసి ఉన్న దాంట్లో."

"ఏ వైపు?"

"కుడివైపు."

"కుడివైపు మూత మీద డీజిల్ అని రాసుంది మీర్నా. నీళ్ళది ఎడమవైపు. గ్రుబెలిచ్ దగ్గర ఫొటోలున్నాయి."

"ఆయన నాకూ చూపించాడు." మీర్నా కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి గాని గొంతు వణకలేదు. "నేను చదివానక్కా. తోమా బస్తాలు కట్టే తాళ్ళు సర్దుకుంటున్నాడు. 'నీళ్ళు పట్టు, నీకొచ్చులే' అన్నాడు. నన్నో పని చెయ్యనివ్వడం అదే మొదటిసారి. ఎప్పుడూ తనే పట్టేవాడు. తప్పు చేస్తే అందరూ నవ్వుతారని, ఒకటికి రెండుసార్లు చదివాను. వేలితో తడిమి చదివాను. నీళ్ళు అని చెక్కుంది. మూత విప్పే ఇనుప చెవి పెట్టి తిప్పాను, తీశాను, పోశాను, మళ్ళీ గట్టిగా బిగించాను. అప్పుడే పాడుకున్నాను కూడా. సంతోషం వేసి."

"డీజిల్ వాసన రాలేదా?"

"ఆ పడవలో ఏది వాసన రాదు? దుప్పట్లు కూడా అదే వాసన. పెళ్ళయిన కొత్తలో నాకు తోమా దగ్గర కూడా అదే వాసన వచ్చేది."

నివెస్ తల దించుకుంది. ఈ పిల్ల వచ్చిన కొత్తలో ఒకసారి రేవులో ఎదురుపడి, తాడు ముడి ఎలా వెయ్యాలో చూపించమని అడిగింది. నివెస్ నవ్వి, 'మీ ఆయన్ని అడుగు' అని వెళ్ళిపోయింది. ఊరంతా అంతే. పరాయిదానికి ఎవరూ ఏదీ చూపించలేదు. చూసి నేర్చుకోవాలి అన్నారు, చూస్తే నవ్వారు.

"అక్కా, నేను జైలుకెళ్తే పాప నన్ను మర్చిపోతుందా?"

"నువ్వెక్కడికీ వెళ్ళవు," అంది నివెస్. అని, ఆ మాట ఎందుకన్నానా అని గది దాటేలోగానే పశ్చాత్తాపపడింది. ఇవ్వలేని మాట ఇవ్వకూడదని ఇన్నేళ్ళ ఉద్యోగం నేర్పింది.

* * *

పడవ మరమ్మతుల గట్టు మీద, కర్రల ఊతంతో నిలబెట్టి ఉంది. పక్క చెక్కలు పగిలిపోయాయి గాని పైభాగం చెక్కుచెదరలేదు. నివెస్ నిచ్చెన ఎక్కేసరికి వెనకే గ్రుబెలిచ్ కూడా ఎక్కాడు, పాలిష్ బూట్లతో.

"నా సీలు తెంచుతున్నారు."

"మీరు ఎదురుగానే ఉన్నారుగా. చూస్తూ ఉండండి."

ముందు ఆమె దేన్నీ ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద కూచుని చూసింది. పడవ వెనక భాగంలో, అటొకటి ఇటొకటి, అరచేతిలో పట్టేంత, తిప్పి బిగించే ఇత్తడి మరమూతలు. కుడివైపు దాని మీద డీజిల్ అని చెక్కుంది. ఎడమవైపు దాని మీద నీళ్ళు అని. మూతలు పడిపోకుండా కట్టే చిన్న గొలుసులు ఎప్పుడో తుప్పు పట్టి తెగిపోయాయి, కొక్కేలు మాత్రమే మిగిలాయి. కుడి మూత చెక్కతో సమంగా దిగి ఉంది. ఎడమది మాత్రం గోరు దూరేంత పైకి లేచి ఉంది.

"ఇది సరిగ్గా మూసుకోలేదే?"

"మూసుకోదు. చచ్చేటట్టు తిప్పాను," అన్నాడు గ్రుబెలిచ్. "పాత సరుకు. ఇప్పుడు మూతల అందం చూడ్డానికి వచ్చామా?"

నివెస్ లోపలికి దిగి, చెక్కలు తీసి, గొట్టాలు ఎటు పోతున్నాయో చేత్తో తడుముకుంటూ వెళ్ళింది. కుడివైపు కన్నం గొట్టం డీజిల్ ట్యాంకుకే. ఎడమది నీళ్ళ ట్యాంకుకే. మూత మీద రాసింది ఒకటి, కింద ఉన్నది ఇంకొకటి అయ్యుంటే బాగుండునని ఇంతదాకా ఆశపడింది. ఆ ఆశ కూడా పోయింది. పైకొచ్చేసరికి గ్రుబెలిచ్ నవ్వుతున్నాడు.

"నేనూ చూశాను. మీరు ఒక్కరే గొట్టాలు తడమగలరనుకున్నారా? రాత సరిగ్గా ఉంది, గొట్టం సరిగ్గా ఉంది, అత్తగారు చూసింది. ఆ పిల్ల డీజిల్ అని రాసి ఉన్న కన్నంలో తెలిసి తెలిసి నీళ్ళు పోసి, చంటిపిల్లని సాకుగా పెట్టుకుని ఒడ్డున ఉండిపోయింది. మీ ఊరిదని మీరు జాలిపడుతున్నారు."

"మా ఊరిదా? మా ఊళ్ళో దాని మీద జాలిపడ్డవాళ్ళెవరు సార్?"

ఆమె రెండు పళ్ళున్న ఇనుప చెవి తీసుకుని, కుడి మూత మీది చిన్న కన్నాల్లో ఆనించి తిప్పింది. మూత సుఖంగా వచ్చేసింది. డీజిల్ అని చెక్కిన మూత. తిరగేసింది. దాని చుట్టూ రబ్బరు రింగు సన్నగా, శుభ్రంగా, మెత్తగా ఉంది. మర చుట్ల మధ్య సన్నటి పసుపు జిడ్డు. నివెస్ వేలు పెట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

వాళ్ళ నాన్న పడవ గుర్తొచ్చింది. ఏటా వసంతకాలంలో మూతలు విప్పి, కడిగి, గుడ్డతో తుడిచి పెట్టేవాడు. డీజిల్ మూతకి నల్ల గ్రీజు. నీళ్ళ మూతకి మాత్రం వంటింట్లోంచి సీసా తెమ్మనేవాడు. తాగే నీళ్ళు కదే, గ్రీజు రాస్తే నోట్లో గ్రీజే తగుల్తుంది అనేవాడు. ఈ దీవిలో ఏ ఇంటికెళ్ళినా అంతే.

"సార్, ఇది వాసన చూడండి."

"నాకు జలుబు."

"అయినా చూడండి."

గ్రుబెలిచ్ వంగాడు. "నూనె. అయితే?"

"ఆలివ్ నూనె. డీజిల్ మూతకి."

"ఇక్కడ చెప్పులక్కూడా అదే రాస్తారు మీరు."

నివెస్ ఎడమవైపుకి జరిగి చెవి తిప్పింది. అది రాలేదు. మడమ తన్ని పెట్టి, రెండు చేతులా తిప్పితే అప్పుడు కదిలింది. నీళ్ళు అని చెక్కిన మూత. దాని రబ్బరు రింగు నల్లగా, ఉబ్బి, బంకలా ఉంది. మర నిండా నల్ల గ్రీజు. ముక్కు దాకా తేనక్కర్లేకపోయింది, డీజిల్ గుప్పుమంది.

"నీళ్ళలో నానితే రబ్బరు ఉబ్బదు. డీజిల్ ఆవిరికి ఏళ్ళ తరబడి ఉంటే ఉబ్బుతుంది," అంది నివెస్. "ఇప్పుడీ కన్నాలు చూడండి. ఈ ఎడమ కన్నం మరకి ఏముంది? నూనె. ఆ కుడి కన్నం మరకి? నల్ల గ్రీజు. మూతలు తారుమారయ్యాయి సార్. నీళ్ళు అని రాసిన మూత ఏళ్ళ తరబడి డీజిల్ కన్నం మీదే ఉంది. మీర్నా అబద్ధం చెప్పలేదు. కుడివైపు నీళ్ళు అనే రాసుంది."

గ్రుబెలిచ్ మొహంలో నవ్వు పోలేదు గాని, బిగుసుకుంది. "ఏళ్ళ తరబడి తప్పు మూతతో ఎవరు తిరుగుతారండీ?"

"మేమే తిరుగుతాం. ముసలాయన లోవ్రె, తోమా నాన్న, ఎప్పుడో శుభ్రం చేసి మార్చి పెట్టేసుంటాడు. ఆయనే గ్రీజు రాశాడు, ఆయనే నూనె రాశాడు. తర్వాత చూసుకున్నా, పర్లేదులే, మనకి తెలుసుగా, కుడిది డీజిల్ అనుకుంటారు. ఆయన పోయాక ఇక అది ముట్టుకోరు. నాన్న పెట్టినట్టే ఉండనీ అంటారు. మా పడవల్లో రాతలు చదివేదెవరు? చెయ్యి దానంతటదే వెళ్తుంది. చదివేది పరాయివాళ్ళే."

"బాగుంది. వంటింటి శాస్త్రం." అతను గొంతు పెంచాడు. "మరి ఇప్పుడు సరిగ్గా ఎలా ఉన్నాయి? ఎవరో వచ్చి మార్చారంటారా? పడవ దొరికిన దగ్గర్నుంచీ కానిస్టేబుల్ కాపలా. నా సీలు. నేను తప్ప ఒక్కడు దీన్ని ముట్టుకోలేదు!"

నివెస్ చేతిలోని మూత కింద పెట్టింది.

"ఫొటోలు ఎప్పుడు తీశారు సార్?" నివెస్ మెల్లగా అడిగింది. "శాంపిల్ తియ్యక ముందా, తీశాకా?"

"తీశాకే. ముందు వర్షం పడుతోంది. శాంపిల్ ముఖ్యం అని..."

"రెండు మూతలూ ఒకేసారి విప్పారా?"

గ్రుబెలిచ్ చూపు తాడు చుట్ట పక్కన ఖాళీ జాగా మీదికి పోయింది. అక్కడ రెండు ఇత్తడి మూతలు పక్కపక్కన పెట్టుకున్న తన చేతులు తనకే కనిపిస్తున్నట్టుంది.

"రెండూ విప్పి అక్కడ పెట్టాను," అన్నాడు చివరికి. "సీసాల్లోకి తీసుకున్నాను. మళ్ళీ మూసేటప్పుడు... కుడి కన్నంలోంచి డీజిల్ వాసన. చేతిలో డీజిల్ అని రాసిన మూత ఉంది. దాన్ని అక్కడ పెట్టాను. రెండోది రెండోదానికి. అది సరిగ్గా పట్టలేదు. బలవంతంగా తిప్పాను." అతను తన వేళ్ళు చూసుకున్నాడు. "ఎవరైనా అలాగే పెడతారు కదా?"

"బుద్ధున్నవాళ్ళెవరైనా అలాగే పెడతారు," అంది నివెస్. దెప్పడానికి మంచి అవకాశమే. పొద్దుట్నుంచీ దాని కోసమే కాచుకుని ఉంది. తీరా వచ్చాక మనసొప్పలేదు. "ఆ ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళూ చెయ్యని పని మీరు నిమిషంలో చేశారు. వాళ్ళు ఎప్పుడో చేసుంటే తోమా బతికేవాడు."

"నేను చేసి ఇంకో ప్రాణం తీయబోయాను." అతను కోటు జేబులోంచి మీర్నా అరెస్టు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు. "నా పొరపాటేనని రాసిస్తాను. మా పెద్దాయన నా తోలు వలుస్తాడు, వలవనీ. వెళ్ళి ఆ పిల్లని వదలమనండి. ప్రమాదం కింద మూసేద్దాం. పాపం ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాదు," అని నివెస్ కూడా అంది.

నిచ్చెన సగం దిగాక ఆమె కాలు ఆగిపోయింది. పొద్దున వంటింట్లో విన్న మాట ఇప్పుడు వేరే గొంతుతో వినిపించింది. కుడివైపే. నా రెండు కళ్ళతో చూశాను.

* * *

పోస్టాఫీసు దగ్గర కానిస్టేబుల్‌కి చెప్పి మీర్నాని వదిలెయ్యమంది. తను ఆగకుండా పెరీనా ఇంటికి నడిచింది. ముసలావిడ ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉంది. పాప ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ళు పెడుతూ ఆమె భుజం మీద సొమ్మసిల్లినట్టు పడుకుంది. కిటికీలోంచి రేవు తిన్నగా కనిపిస్తోంది. తోమా తన పడవని ఎప్పుడూ వెనక భాగం ఇంటివైపు పెట్టి కట్టేవాడు. ఇప్పుడు ఆ చోట ఒట్టి నీళ్ళు.

"తీసుకెళ్ళాడా దాన్ని?" అడిగింది పెరీనా.

"లేదు పెద్దమ్మా. వదిలేశారు. మూతలు తారుమారుగా ఉండేవని తెలిసిపోయింది."

జోకొడుతున్న పెరీనా చెయ్యి ఆగింది.

"లోవ్రె పెదనాన్న మార్చి పెట్టాడు కదూ?"

"ఆయన చూపు మందగించిన ఏడాది," అంది పెరీనా, కిటికీలోంచే చూస్తూ. "తోమా నవ్వాడు. నాన్నా, తప్పు పెట్టావే అని. ఈయనకి కోపం వచ్చింది. కుడిది డీజిల్ అని తెలియనివాడు నా పడవెక్కక్కర్లేదు అన్నాడు. ఆయన పోయాక తోమా మార్చబోతే నేనే వద్దన్నాను. ఆయన చేతి బిగింపు అది, ఉండనీరా అన్నాను."

"కుడిది డీజిల్ అని నీకు తెలుసు."

"ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

"అందరికీ కాదు." నివెస్ ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. మంచి కుర్చీ కాదు, కుంటిది. "పెద్దమ్మా, నువ్వు చూశావు. నీళ్ళ పైపు కుడి కన్నంలో ఉండటం నీ రెండు కళ్ళతో చూశావు. ఎందుకు అరవలేదు?"

అడగకుండా ఉంటే బాగుండేది. కేసు మూసేశారు. ఒడ్డున నిలబెట్టి రాళ్ళు వెయ్యడానికి ఇక ఎవరూ మిగల్లేదు. కానీ ఆ పిల్ల ఈ ఇంట్లోనే బతకాలి, ఈ కిటికీ పక్కనే పాపకి పాలివ్వాలి.

పెరీనా ఆలివ్ కాయల బుట్టలోకి చూసింది. ఆ రోజు ఏరుతున్న కాయలే. ముట్టుకున్నవాళ్ళు లేక ముడతలు పడ్డాయి.

"రేవులోనే ఆగిపోతుందనుకున్నాను," అంది. "ఇంజను అలా దగ్గి, ఇక్కడే, అందరి ముందూ ఆగిపోతుందనుకున్నాను. వాడు చేతులు నల్లగా చేసుకుని పైకొచ్చి, అమ్మా నువ్వు చెప్పింది నిజమే, ఈ పిల్ల దేనికీ పనికిరాదు అంటాడనుకున్నాను. అంతే నివెస్. ఒక్క పూట నవ్వుకుందామనుకున్నాను. ఆగలేదమ్మా. గొట్టంలో మంచి డీజిల్ ఇంకా మిగిలున్నట్టుంది. చక్కగా వెళ్ళింది. అంత చక్కగా ఎప్పుడూ వెళ్ళలేదు."

గుమ్మం దగ్గర నేల కిర్రుమంది. నివెస్ తల తిప్పింది. మీర్నా నిలబడి ఉంది, శాలువా జారిపోయి, రవిక తడిసి. ఎప్పట్నుంచి వింటోందో మొహం చూస్తే తెలిసిపోతోంది.

పెరీనా లేచింది. పాపని రెండు చేతులా ముందుకి చాపింది. మీర్నా వచ్చి తీసుకుంది. తల్లి వాసన తగలగానే పాప నిద్రలోనే మొహం అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది. మీర్నా అక్కడే గోడకి ఆనుకుని, కింద కూచుని, పాలిచ్చింది. ఆ గదిలో ఆ చిన్న గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పరిగెత్తాను," అంది పెరీనా, ఎవరూ అడక్కుండానే. "చెప్పుల్లేకుండా రేవు చివరిదాకా పరిగెత్తాను. తోమా, వెనక్కి రారా, తోమా అని అరిచాను. గాలి నా వెనక నుంచే వీస్తోంది."

మీర్నా తల ఎత్తలేదు. పాప జుట్టు సవరిస్తూనే అడిగింది.

"ఆయనకి వినిపించిందా అత్తమ్మా?"

"వినిపించింది," అంది పెరీనా. "సాగనంపడానికి వచ్చాననుకున్నాడు. నవ్వుతూ చెయ్యి ఊపాడు."